గోడకు పడ్డ మనుషులు

పొద్దున్నే పొయ్యి రాజేయకముందే కాంతమణి గోడ కడిగేది. ఎడమ చేతిలో సోడా నీళ్ళ ముంత, కుడి చేతిలో కొబ్బరి పీచు. తొలకరి పడింది మొదలు దసరా వెళ్ళేదాకా ఇదే కొలువు. జీతం లేదు, సెలవు లేదు, పోనీ చేశావులే అనే నాథుడూ లేడు. మొగుడి ముక్కు దగ్గర మొదలుపెట్టి గడ్డం, మెడ, భుజాలు రుద్ది రుద్ది పాదాల దాకా వచ్చేసరికి నడుం పట్టేసేది. అసలు మొగుడు పక్కగదిలో దుప్పటి ముసుగేసి గురక పెడుతుండేవాడు. ఆమె కడిగేది గోడ మీది మొగుణ్ణి.

సికింద్రాబాదులో, పద్మారావు నగర్ వెనక ఉన్న ఆ పెంకుటిళ్ళ వరుసలో వానాకాలం వస్తే గోడలకు మనుషులు పడతారు. చెమ్మ ఎక్కిన చోట ముందొక చుక్క, తర్వాత ఒక చెవి, ఒక జబ్బ, అలా వారం తిరిగేసరికి ఇంట్లో ఎవరుంటే వాళ్ళు నిలువెత్తు నల్లబూజై నిలబడతారు. వేరే చోట్ల బూజు మచ్చలు మచ్చలుగా పడుతుంది, ఇక్కడ మనుషులుగా పడుతుంది, అంతే. ఏలూరు నుంచి కాపురానికొచ్చిన కొత్తలో కాంతమణి "మా ఊళ్ళో ఇలా ఉండదే" అంటే, పక్కింటి బాలమ్మ "ఈడ నీళ్ళు వేరే పంతులమ్మా" అంది. ఆ మాట అక్కడితో అయిపోయింది.

ఆ బూజులోనూ రెండు రకాలు. ఇంట్లో ఉండేవాళ్ళది తడిగా ఉంటుంది, వేలు పెడితే నల్లగా అంటుకుంటుంది. వచ్చిపోయే చుట్టాలది ఒక్క రోజులో ఎండి బూడిదలా తయారవుతుంది, ఊదితే రాలుతుంది. అందుకే చుట్టాల బూజంటే కాంతమణికి బెంగ లేదు. బాధంతా ఇంట్లోవాళ్ళతోనే.

"ఏమండీ, ఆ కిటికీ కాస్త తెరిస్తే మీ సొమ్మేం పోయింది? మనిషన్నాక ఊపిరి వదులుతాడు. ఆ ఊపిరి బయటికి పోయే దారి లేకపోతే గోడకే పోతుంది."

"చలిగాలి తగిలితే నా గొంతు పట్టేస్తుంది కాంతం. బళ్ళో పాఠం ఎట్లా చెప్పను?" అనేవాడు జ్ఞానశేఖర్. మిషన్ బళ్ళో లెక్కల మేష్టారు. వెనకగదిలో పుస్తకాల అల్మారాను గోడకు అతికించినట్టు పెట్టేవాడు. ఆమె రోజూ దాన్ని మూరెడు ఇవతలికి లాగేది, గాలి ఆడాలని. ఆయన రోజూ వెనక్కి నెట్టేవాడు, గది ఇరుకవుతోందని. పన్నెండేళ్ళ కాపురంలో ఆ అల్మారా నడిచిన దూరం లెక్కేస్తే ఏలూరు వెళ్ళొచ్చేది.

ఆ ఏడు మాత్రం కిటికీలు మూసింది ఒక్క జ్ఞానశేఖరే కాదు. నవాబుగారి రాజ్యం ఉంటుందో, ఢిల్లీవాళ్ళ ఫౌజు వచ్చి పడుతుందో తెలియక ఊరంతా గుసగుసలు. రజాకార్లు లారీల్లో అరుచుకుంటూ తిరిగేవాళ్ళు. దీపాలు పెట్టే వేళకే అందరూ తలుపులు బిడాయించుకునేవాళ్ళు. బట్టలు సుత లోపలే ఆరేసుకుంటున్నమని బాలమ్మ మొత్తుకునేది. భయానికి కిటికీ మూస్తే బూజుకు పండగ. ప్రతి ఇంట్లోనూ మనుషులు రెండింతలు లావుగా పడ్డారు.

మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు, ఆగస్టులో మరిది యేసురాజు వచ్చి పడ్డాడు.

జ్ఞానశేఖర్‌కు తమ్ముడు. కాలేజీలో చదువుతున్నాడని అందరూ అనుకుంటుంటే, కాలేజీ మిద్దెక్కి మూడురంగుల జెండా ఎగరేసి వచ్చాడు. పోలీసులు వెతుకుతున్నారు. దొరికితే జైలు, జైలుకు వెళ్ళేలోపు దెబ్బలు. అప్పటికే వాడితో పాటు జెండా కట్టిన పిల్లవాడొకడు ఠాణాలో కాలు విరిగి పడున్నాడు.

"నాలుగు రోజులుంటా వదినా" అన్నాడు. కాంతమణి వీధి తలుపు గడియ పెట్టింది. చిన్నప్పుడు తన చేత్తో అన్నం తినిపించిన పిల్లాడు. వాణ్ణి వెనకగదిలో పెట్టి, కిటికీ తనే మూసింది. మూసి, ఆ కిటికీ వంకా ఆ గోడ వంకా చూసి, తల పట్టుకు కూర్చుంది.

కిటికీ తెరిస్తే వీధిలోవాళ్ళకు వాడు కనపడతాడు. మూస్తే గోడకు వాడు పడతాడు.

పడ్డాడు కూడా. మూడో రోజుకల్లా వాడి ఉంగరాల జుట్టు, గద్ద ముక్కు, ఎత్తిన చెయ్యి. చెయ్యెందుకు ఎత్తి ఉందంటే, పిల్లవాడు గదిలో ఒక్కడే కూర్చుని ఊరుకోలేక ఉపన్యాసాలు సాధన చేసేవాడు, గోడకు ఎదురుగా నిలబడి, గొంతు బయటికి వినపడకుండా గుసగుసగా. ఒక్కో ఉపన్యాసానికి ఒక్కో అంగుళం పెరిగేవాడు గోడ మీద.

"ఒరే అబ్బాయ్, స్వాతంత్ర్యం తేవద్దని నేననను. గోడకు ఇంత దూరంగా నిలబడి తేరాదూ?"

"సారీ వదినా."

"ఆ తడి తువ్వాలు మంచం కోడుకు వేలాడేశావేం? వంటింట్లో పొయ్యి దగ్గర వెయ్యమన్నానా లేదా? ఒక్క తడి తువ్వాలుతో ఒక చెయ్యి పడుతుంది నాయనా, గోడకు!"

మళ్ళీ సారీ. మర్నాడు మళ్ళీ తువ్వాలు. మగపిల్లలు దేశాన్ని మార్చగలరు గానీ తువ్వాలు ఆరేసే చోటు మార్చలేరు. సోడాతో కడిగింది, పుల్లటి సిర్కా పూసింది, కుంపటి పెట్టి ఆరబెట్టింది, సున్నం నీళ్ళలో మైలుతుత్తం కలిపి పట్టించింది. పొద్దున కడిగితే సాయంత్రానికి ముక్కు, రేపటికి మనిషి. గోడ మొత్తానికీ కొత్త సున్నం కొట్టేద్దామన్నాడు జ్ఞానశేఖర్. "లెక్కలు తప్ప ఇంకేం తెలియదా మీకు? తడిగోడకు సున్నం నిలుస్తుందా? పెచ్చులూడి కింద పడుతుంది. వానల్లో సున్నం కొట్టారేమని ఊరంతా అడుగుతుంది కూడా" అని కసురుకుంది.

అలా వారాలు గడిచాయి. ఒక మధ్యాహ్నం బాలమ్మ దొడ్డి గుమ్మంలోంచి తొంగిచూసింది. ఆమెకు అంతా తెలుసు. తెలుసని ఎన్నడూ అనలేదు.

"పంతులమ్మా, పోలీసు జమేదార్ గౌస్ మన వరుసల తిరుగుతుండు. మనుషుల్ని ఏం అడుగుత లేడు, సీదా లోపలికొచ్చి గోడలు చూస్తుండు. ఆ కొస ఇంట్ల ముగ్గురే ఉన్నమన్నరు, గోడ మీద నాలుగో మనిషి ఉన్నడు. పట్కపోయిన్రు. ఎల్లుండి మన దిక్కు వస్తరట. జెర హుషారుగుండు."

కాంతమణి పీచు పట్టుకునే వెనకగది గోడ ముందుకు వెళ్ళి నిలబడింది. యేసురాజును పారిపొమ్మందామంటే రోడ్డు మీద అడుగడుక్కీ పోలీసులే. ఎల్లుండిలోగా ఈ గోడ ఆరదు. యెహోవా దిగివచ్చి తుడిచినా ఆరదు. ఆమె చేతిలో పీచు వంక చూసుకుంది, విసిరి మూలకు కొట్టింది.

"ఏమండీ! రేపు మనింట్లో కూటం పెడదాం."

ఆ చుట్టుపక్కల క్రైస్తవ కుటుంబాలన్నీ వంతులవారీగా ఇళ్ళల్లో ప్రార్థన కూటం పెట్టుకోవడం మామూలే. జ్ఞానశేఖర్ కళ్ళజోడు తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు. "ఇంట్లో పిల్లవాడు దాక్కునుంటే కూటమా? మతి పోయిందా నీకు?"

"గోడకు ఒక్కడు పడితే కనపడతాడు. ముప్పైమంది పడితే?"

లెక్కల మేష్టారికి ఆ లెక్క అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది.

మర్నాడు మధ్యాహ్నం అన్నాలు కాగానే అందరూ వచ్చి వెనకగదిలో చేరారు. రోసమ్మ, ప్రేమమణి, సంఘ పెద్ద జకర్యా గారు, పిల్లా జెల్లా. బాలమ్మ కూడా వచ్చి మూల కూర్చుంది, పాటలంటే ఆమెకిష్టం. యేసురాజును అల్మారా వెనక మూరెడు సందులో నిలబెట్టి, ముందు దుప్పటి వేలాడేసింది కాంతమణి. తలుపు మూసింది. కిటికీ మూసింది. జీవితంలో ఎన్నడూ చేయని పాపం ఇంకొకటి చేసింది: గది నడుమ కుంపటి మీద పెద్ద బిందెతో నీళ్ళు పెట్టి మరగనిచ్చింది.

"టీ కోసం" అంది, ఎవరూ అడక్కపోయినా.

పాటల మీద పాటలు. ఆవిరికి పాటల పుస్తకాల అట్టలు ఉబ్బాయి. ప్రేమమణి పమిటతో విసురుకుంటూ "కిటికీ తీయండర్రా, ప్రాణం పోతోంది" అంటే, "గాలికి కుంపటి ఆరిపోతుంది" అని కాంతమణి కసిరింది. ఆమె నోట ఆ మాట విని రోసమ్మ ఉలిక్కిపడింది. ఏటా ఇల్లిల్లూ తిరిగి కిటికీలు తెరవండి, కిటికీలు తెరవండి అని ప్రాణం తీసే మనిషాయె. జకర్యా గారు ముగింపు ప్రార్థన అందుకున్నారు. ఆయన ప్రార్థన మామూలుగానే పొడుగు. ఆ రోజు లోకంలోని రాజులందరి కోసమూ పేరుపేరునా చేశారు. మామూలప్పుడు ఆ ప్రార్థనలో కునికిపాట్లు పడే కాంతమణి, ఇంకా, ఇంకా అనుకుంటూ మనసులోనే ఆయనకు వంద దండాలు పెట్టుకుంది.

తెల్లారేసరికి గోడ కిటకిటలాడుతోంది. జకర్యా గారు మధ్యలో దున్నపోతంత పడ్డారు. రోసమ్మ కొప్పు, పమిటతో విసురుకునే ప్రేమమణి చెయ్యి, సంకల్లో పిల్లలు, మూల బాలమ్మ. ఆ గుంపులో ఎక్కడో చెయ్యెత్తి యేసురాజు. ఇన్నేళ్ళుగా తను గోరు అరిగేలా కడిగిన గోడను అలా చూసేసరికి కాంతమణికి ఏడుపొచ్చింది. భయానికి కొంత, కోపానికి కొంత.

జమేదార్ గౌస్ మొయినుద్దీన్ పదింటికి వచ్చాడు. యాభై దాటిన మనిషి, మోకాళ్ళ నొప్పుల నడక. వెంట ఇద్దరు జవాన్లు. నేరుగా వెనకగదిలోకి వెళ్ళి గోడ చూసి ఆగిపోయాడు.

"ఏందమ్మా ఇది? జాతరనా?"

"మొన్న ప్రార్థన కూటం జరిగిందండీ" అంది. నిన్న అనబోయి మొన్న అంది. అప్పటికే అవన్నీ బూడిదరంగుకు తిరిగి ఉన్నాయి, తమ ఇద్దరివీ కాక ఇంకొక్కటి తప్ప.

ఒక జవాను లెక్కపెట్టడం మొదలుపెట్టి, పిల్లల దగ్గర తప్పి, మళ్ళీ మొదలుపెట్టి, విసుగొచ్చి బయటికి పోయి బీడీ వెలిగించాడు. రెండోవాడు వాడి వెనకే పోయాడు. జమేదార్ మాత్రం గది నాలుగు మూలలూ నిదానంగా చూశాడు. చూపు అల్మారా దగ్గర ఆగింది.

"అల్మారా గోడకు ఆనియ్యలే, ఎందుకు?"

"గాలి ఆడాలి కదండీ. లేకపోతే బూజు పడుతుంది."

జమేదార్ ఆ గోడ మీది ముప్పైమందినీ ఒకసారి చూశాడు. "అవ్, కనపడ్తుంది" అన్నాడు.

 ఆయన గోడ దగ్గరికి నడిచాడు. జకర్యా గారి పొట్ట మీద వేలు పెట్టాడు, బూడిద రాలింది. రోసమ్మ కొప్పు, బూడిద. చెయ్యెత్తిన మనిషి భుజం మీద పెట్టాడు. వేలు తీసి చూసుకున్నాడు. నల్లగా, తడిగా ఉంది.

అల్మారా వెనక ఊపిరి ఆగిన చప్పుడు ఆమెకు వినపడింది. ఆయనకూ వినపడే ఉంటుంది.

జమేదార్ ఆ వేలిని తన కాకీ నిక్కరుకు తుడుచుకున్నాడు. "పాతదే" అన్నాడు గట్టిగా, బయట జవాన్లకు వినపడేలా. తర్వాత గొంతు తగ్గించి మంచినీళ్ళు అడిగాడు. గోడవారగా నిలబడే గ్లాసు ఖాళీ చేశాడు.

"మా పిలగాడు రజాకార్లల్ల కలిసిండమ్మా. వద్దంటే ఇనలే, టోపీ పెట్టుకొని పోయిండు. గిప్పుడు మా గోడ మీద ఊదితే రాలేటట్టున్నడు."

గ్లాసు ఆమె చేతికిచ్చి, మోకాలు పట్టుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు.  అల్మారా వెనక నుంచి యేసురాజు రావడానికి చాలాసేపు పట్టింది. ఆ పూట వాడు ఉపన్యాసం ఇవ్వలేదు.

పది రోజులు తిరక్కుండానే విమానాలు తిరిగాయి, రేడియోలో నవాబుగారి మాట వినపడింది, బొల్లారం దిక్కు నుంచి ఫౌజు లారీలు వచ్చాయి. జనం రోడ్డెక్కారు. యేసురాజు తెల్లటి ఖద్దరు చొక్కా తొడుక్కుని, మెడలో బంతిపూల దండతో, ఒక జీపులో నిలబడి వెళ్ళిపోయాడు. వదినకు చెయ్యి ఊపాడు. తడి తువ్వాలు మంచం కోడుకే వదిలేశాడు.

కాంతమణి ఇంట్లో కిటికీలన్నీ బార్లా తెరిచింది. ఇక గోడ పని పడదామని సోడా నానబెట్టింది. అప్పుడు కనపడ్డాడు, అల్మారా పక్కన, ఎవరికీ తగలకుండా ఒదిగి, గ్లాసు పట్టుకున్న జమేదార్. బూడిదగానే ఉన్నాడు, చుట్టం కాబట్టి. రేపు కడుగుదాంలే అనుకుంది.

ఆ సాయంత్రమే, ముసురులో, దొడ్డి తలుపు చప్పుడైంది. లుంగీ, చిరిగిన చొక్కా, నెత్తిన గోనెసంచి.

"అమ్మా" అన్నాడు గౌస్ జమేదార్. "మీ గోడ మీద నా జాగా ఉన్నదా ఇంకా?"

ఊళ్ళో గల్లీ గల్లీలో పాత పగలు తేల్చుకుంటున్నారని ఆమె విన్నది. పాత పోలీసు దొరికితే ఠాణా దాకా కూడా తీసుకుపోవడం లేదు. కాకీ బట్టలే చూస్తున్నారు, వేసుకున్నది ఎవరని చూడటం లేదు.

"మీ అబ్బాయో?"

"రాలిపోయిండు."

కాంతమణి గుమ్మంలోంచి పక్కకు తప్పుకుంది. ఆయన లోపలికొచ్చాక వరుసగా కిటికీలన్నీ మూసుకుంటూ పోయింది, ఒక్కో గడియా పెడుతూ ఒక్కో తిట్టు తిడుతూ. ఫౌజును, నవాబును, రజాకార్లను, వానను, ఇల్లు కట్టిన మేస్త్రీని. "ఇప్పుడే కదండీ గాలి పీల్చింది ఈ కొంప! ఇవాళే కదా!"

"ఎవరొచ్చారు కాంతం?" అన్నాడు జ్ఞానశేఖర్.

"ఎవరైతేనేం, మీ మనసు చల్లబడిందిగా. మూశాను కిటికీలు!"

గోడ కడిగే మాటే లేదు ఇక. అందరినీ కడిగేస్తే రేపటికి ఆయన ఒక్కడే లేస్తాడు. నానబెట్టిన సోడా నీళ్ళు తులసి లేని ఆ పెరట్లో పారబోస్తుంటే ఆమె చేతులు దురద పెట్టాయి, పని మానుకోవడం అలవాటు లేక. జమేదార్ బుద్ధిమంతుడు. తడి లుంగీ పొయ్యి దగ్గరే ఆరేసేవాడు. గోడకు దూరంగా కూర్చునేవాడు. అయినా మనిషన్నాక ఊపిరి వదులుతాడు. అల్మారా పక్కనున్న బూడిద మనిషి నెమ్మదిగా నల్లబడ్డాడు.

ఆదివారం ఆరాధన నుంచి వచ్చి ఆమె ఇంకా చెప్పులు విప్పలేదు, వాకిట్లో యేసురాజు. చేతికి మూడురంగుల పట్టీ. వెంట ముగ్గురు కుర్రాళ్ళు, చేతుల్లో కర్రలు.

"వదినా, ఆ జమేదార్ ఇటువైపే వచ్చాడని చూసినవాళ్ళున్నారు. అన్ని ఇళ్ళూ చూస్తున్నాం. మన ఇల్లు వదిలేస్తే బాగుండదు."

"చూడండి నాయనా. మీరు చూడటం, మేము కడగడం. అంతేగా మా బతుకు."

వెనకగదిలోకి అడుగుపెట్టగానే ఒక కుర్రాడు అరిచాడు. "అన్నా! గీడున్నడు చూడు జమేదార్! గోడ మీద!"

"సోదాకు వచ్చినప్పుడు పడ్డాడు" అంది కాంతమణి.  "మీ యేసురాజన్నకు తెలుసు. ఆ రోజు ఇక్కడే ఉన్నాడు. గుంపులో ఆయన ఎట్లా ఉన్నాడో చూడండి, ఆ చెయ్యెత్తినాయన."

కుర్రాళ్ళు గోడ మీది తమ నాయకుణ్ణి చూసి మురిసిపోయారు. యేసురాజు మురవలేదు. ఆ గోడతో వారాల తరబడి కాపురం చేసినవాడు, వాడికి ఎవరూ చెప్పనక్కర్లేదు. ముందు తన బొమ్మ మీద వేలు పెట్టాడు. బూడిద రాలింది. పక్కకు జరిగి, జమేదార్ భుజం మీద పెట్టాడు.

తీసి చూసుకున్నాడు. తర్వాత అల్మారా వంక చూశాడు. మూరెడు సందు, ముందు దుప్పటి. తను నిలబడినప్పుడు వేలాడిన ఆ దుప్పటే.

 కాంతమణి వాడి కళ్ళలోకి చూసింది, తువ్వాలు సరిగా ఆరేయనప్పుడు చూసే చూపే. గదిలో ఎవరూ ఊపిరి తీసినట్టు లేదు.

యేసురాజు ఆ వేలిని తన తెల్లటి ఖద్దరు చొక్కాకు, గుండె దగ్గర, గట్టిగా తుడుచుకున్నాడు.

"పాతదే" అన్నాడు. "పదండి."

కుర్రాళ్ళు దిగిపోయారు. వాడు గుమ్మం దాటబోతుంటే ఆమెకు ఆ నల్ల చార కనపడింది. ఆ కంగారులోనూ ఆగలేకపోయింది.

"ఒరే, ఆ మరకకు సబ్బు పెట్టావంటే బిగుసుకుంటుంది. నిమ్మకాయా ఉప్పూ రాసి ఎండలో వెయ్యి."

"ఉండనీ వదినా" అన్నాడు వాడు. 

వానలు వెనకబట్టాక జమేదార్ ఒక తెల్లవారుజామున మద్రాసు రైలెక్కి చెల్లెలింటికి వెళ్ళిపోయాడు. యేసురాజు పెళ్ళి చేసుకుని బేగంపేటలో వేరే ఇల్లు తీసుకున్నాడు. గోడ బాగా ఎండాక కాంతమణి పాత పెచ్చులన్నీ గీకించి, మైలుతుత్తం కలిపిన సున్నం రెండు పూతలు కొట్టించింది. పెంకులు సర్దించింది. అల్మారా కాళ్ళకు మేకులు దిగ్గొట్టించింది, మూరెడు ఇవతల, ఇక మేష్టారు నెట్టలేకుండా. కిటికీ రెక్కలు ఏకంగా ఊడదీయించింది. ఇంక పడమను చూస్తాను, అంది.

మరుసటేడు తొలకరి పడింది. వారం తిరిగింది. ఒక పొద్దున ముంతతో వెనకగదిలోకి వెళ్ళి చూస్తే, తెల్లటి గోడ మీద చెయ్యెత్తి ఒకడు, పక్కనే గ్లాసు పట్టుకుని ఒకడు. ఆ ఏడు వాళ్ళిద్దరిలో ఒక్కరూ ఆ గుమ్మం తొక్కలేదు. చుట్టాలే కదా, ఊదితే పోతారనుకుని ఊదింది. పోలేదు. వేలు పెట్టి చూసింది. నల్లగా, తడిగా అంటుకుంది.

కాంతమణి కాసేపు ఆ వేలి వంక చూస్తూ నిలబడింది. తర్వాత పమిట చెంగుకు తుడుచుకుంది.

"ఏందీ పంతులమ్మా, మల్ల షురూ అయిందా?" అని దొడ్లోంచి బాలమ్మ కేకేసింది.

"అయింది! ఇంట్లో తినేది ఇద్దరం, కడగాల్సింది నలుగుర్ని!" అని అరిచి, పీచు తడిపి, కాంతమణి మొగుడి ముక్కు దగ్గర మొదలుపెట్టింది.